స్టార్లు అడిగించాలా, చేతికి అధికారం ఇవ్వాలా? సర్వీసు వ్యాపారం నడిపేవాళ్లకు ఒక పోలిక

పోయిన ఎండాకాలం మా ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ ఫిల్టర్లు మార్చడానికి ఒక అబ్బాయి వచ్చాడు. మేముండేది బెంగళూరు కుందలహళ్లిలో, మూడో అంతస్తు. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యట్లేదు. చెమటలు కక్కుకుంటూ వచ్చి, మంచినీళ్లయినా అడక్కుండా పని మొదలుపెట్టాడు. నోరు విప్పగానే మనవాడని తెలిసిపోయింది, హిందూపురం. ఇరవై నిమిషాల్లో ఫిల్టర్లు మార్చేశాడు. మిషను వెనకాల పైపు మలుపు దగ్గర ప్లాస్టిక్ ఎల్బో ఒకటి ఉంటుంది. అక్కడ చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. చూపించాను.

"అది నా టికెట్‌లో లేదక్కా. ఇంకో కంప్లయింట్ పెట్టండి, ఇంకొకరు వస్తారు."

"నీ బ్యాగులో ఉందిగా ఎల్బో?"

"ఉందక్కా. ఆఫీసు అప్రూవల్ లేకుండా వేస్తే నా జీతంలో పట్టుకుంటారు."

రెండు కాఫీల ఖరీదు కూడా చెయ్యదు అది. తర్వాత ఫోను నా ముందుకు చాపాడు. "ఐదు స్టార్లు నొక్కండక్కా. నాలుగిచ్చినా ఈ నెల ఇన్సెంటివ్ పోతుంది." నొక్కాను. ఎండన పడి వచ్చిన కుర్రాడి పొట్ట మీద కొట్టలేం కదా. అతను మెట్లు దిగి వెళ్లాక ఎల్బో కింద స్టీలు గిన్నె పెట్టాను. ఆ కంపెనీ లెక్కల్లో మాత్రం మా ఇల్లు పూర్తిగా తృప్తి పడిన ఇల్లు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా బాబాయి కొడుకుదీ ఇదే వ్యాపారం. మదనపల్లె నుంచి వచ్చి, వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు ప్యూరిఫయర్లు అమ్మి, సర్వీసు చేస్తాడు. 14 మంది కుర్రాళ్లు పనిచేస్తున్నారు. ఆ మధ్య ఇంటికొచ్చి కూర్చున్నాడు. "అక్కా, కస్టమర్లు ఏడుస్తున్నారు, కుర్రాళ్లు కూడా ఏడుస్తున్నారు. ఒకడు యాప్ కొనమంటాడు, ఇంకొకడు ట్రైనింగ్ ఇస్తానంటాడు, ఇన్సెంటివ్ పెంచితే అదే సర్దుకుంటుందని మీ మరదలు అంటుంది. ఏది పట్టుకోమంటావ్?" నేను ఈ ఊళ్లో పదేళ్లు కాల్ సెంటర్లో చేశాను. అందులో ఆరేళ్లు క్వాలిటీలో, అంటే ఇతరుల కాల్స్ విని మార్కులు వేసే పనిలో. అందుకే నన్ను అడిగాడు. వాడికి ఆ రోజు చెప్పిందీ, తర్వాత వాడు చేసి చూసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. హోటలు, పీజీ హాస్టలు, ల్యాబ్, గ్యారేజీ, ఏది నడిపేవాళ్లకైనా పేర్లు మారతాయి గానీ లెక్క ఇదే.

ముందు దేన్ని కొలవాలి

కస్టమరు సంతోషాన్ని కొలిచే పద్ధతుల్లో ఎక్కువగా వినపడేవి మూడు. సీశాట్ (కస్టమర్ శాటిస్‌ఫాక్షన్), ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్), సీఈఎస్ (కస్టమర్ ఎఫర్ట్ స్కోర్). నాలుగోదానికి గొప్ప పేరేమీ లేదు, నాకు నచ్చింది మాత్రం అదే.

సీశాట్ అందరికీ తెలిసిందే. పని అయ్యాక ఒకటి నుంచి ఐదులోపు మార్కు వెయ్యమంటారు. నాలుగు, ఐదు వేసినవాళ్లు నూటికి ఎంతమందో అదే స్కోరు. సులువు, ఖర్చులేదు, ఆ పూట జరిగిన పని మీదే అడుగుతుంది. రోగం ఎక్కడొస్తుందో పైన చూశారు. పని చేసినవాడే ఎదురుగా నిలబడి అడిగితే వచ్చేది మార్కు కాదు, మొహమాటం. దీన్నే పెట్టుకుంటామంటే నాదొక షరతు: మనిషి వెళ్లిపోయాక, కనీసం ఒక గంట ఆగి మెసేజ్ పంపండి. ఆ మార్కును అతని జీతంతో ముడిపెట్టొద్దు. ఈ రెండో సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఎన్‌పీఎస్‌ని 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసి పరిచయం చేశారు. ప్రశ్న ఒక్కటే: మా గురించి మీవాళ్లకు చెబుతారా, సున్నా నుంచి పదిలో ఎంత? తొమ్మిది, పది వేసినవాళ్లు మన తరఫున ప్రచారం చేసేవాళ్లు. ఏడు, ఎనిమిది ఎటూ కానివాళ్లు. ఆరు, అంతకంటే తక్కువ వేసినవాళ్లు మనల్ని నలుగురిలో తిట్టేవాళ్లు. మొదటి వర్గం శాతంలోంచి చివరి వర్గం శాతం తీసేస్తే స్కోరు. వంద మందిలో 50 మంది తొమ్మిదీ పదీ వేసి, 20 మంది ఆరులోపు వేస్తే స్కోరు 30.

పెద్ద కంపెనీలకు ఇది బాగానే పనికొస్తుంది. మా తమ్ముడి లాంటివాళ్లకు రెండు చిక్కులు. ఒకటి లెక్కది. నెలకు 40 మంది జవాబిచ్చారనుకుందాం. అందులో ఇద్దరు పోయిన నెల తొమ్మిది వేసి, ఈ నెల ఏదో చిరాకులో ఐదు వేస్తే స్కోరు ఏకంగా 10 పాయింట్లు పడిపోతుంది. ఇద్దరి చిరాకు చూసి మీటింగ్ పెడతామా? రెండోది మన అలవాటుది. మనం పెరిగిన చదువుల్లో 60 మార్కులొస్తే ఫస్ట్ క్లాసు, 75 దాటితే ఇంట్లో స్వీట్లు. మా నాన్నగారు పదికి ఎనిమిది వేశారంటే అది ఆయన జీవితంలో ఇచ్చిన పెద్ద మెప్పు. ఎన్‌పీఎస్ లెక్కలో ఆయన ఎటూ కానివాడు. ఆరు వేసి "బాగానే చేశాడు" అనే పెద్దమనిషి ఏకంగా శత్రువు. ఈ స్కోరు వాడేవాళ్లు మీదాన్ని మీ పాత నెలలతోనే పోల్చుకోండి, అమెరికా కంపెనీల స్కోరు పక్కన పెట్టి దిగులు పడొద్దు.

సీఈఎస్ 2010లో వచ్చింది, అదీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలోనే, మాథ్యూ డిక్సన్, ఆయన సహచరులు రాసిన వ్యాసంలో. కస్టమర్ని ఆనందంలో ముంచెత్తడానికి తంటాలు పడకండి, అతనికి శ్రమ తగ్గించండి చాలు అన్నది వాళ్ల మాట. "మీ పని అవడానికి మీరెంత తిప్పలు పడాల్సి వచ్చింది?" అని అడుగుతారు. పదేళ్లు హెడ్‌సెట్ పెట్టుకున్నదాన్ని, ఈ ముక్క అక్షరాలా నిజమని చెప్పగలను. మా ఫ్లోర్లో జనం అరిచింది వస్తువు పాడైనందుకు తక్కువ, అదే కథ మూడోసారి మూడో మనిషికి చెప్పాల్సి వచ్చినందుకు ఎక్కువ. కాల్ సెంటరు, బ్యాంకు, ఇన్సూరెన్సు లాంటి చోట్ల మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను సీఈఎస్‌నే ఎంచుకుంటాను.

ఇక నాలుగోది. సర్వే అక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అదే ఇంటికి అదే సమస్య మీద 30 రోజుల్లో మళ్లీ వెళ్లాల్సి వచ్చిందా? నెలలో మొత్తం విజిట్లలో అలాంటివెన్ని? కంప్లయింట్ పుస్తకంలో ఉండే లెక్కే ఇది. దీనికి తోడు ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) గడువు తీరినవాళ్లలో ఎంతమంది మళ్లీ డబ్బు కట్టారో చూసుకోవాలి. స్టారు నొక్కడానికి ఖర్చులేదు, ఏఎంసీకి జేబులోంచి తియ్యాలి. మనిషి మనసులో మాట అక్కడ బయటపడుతుంది.

దీనికీ లోపం ఉంది. మాట్లాడకుండా వేరే కంపెనీకి మారిపోయేవాళ్లు ఈ లెక్కలో మళ్లీ రాని కంప్లయింట్‌గా, అంటే మంచిగానే కనబడతారు. దానికి విరుగుడు ఓనరే ఫోను తియ్యడం. వారానికి ఐదు ఇళ్లు చాలు. "ఎలా ఉంది మా సర్వీసు" అని అడిగితే "బాగుందండీ" అంటారు, పెట్టేస్తారు. "మావాడు వచ్చి వెళ్లాక ఏదైనా మిగిలిపోయిందా?" అని అడిగితే అప్పుడు చెబుతారు. మా తమ్ముడు మొదటి శనివారం చేసిన ఐదు ఫోన్లలో ముగ్గురు చెప్పింది ఒకటే: ఫిల్టరు మార్చాక మొదటి గ్లాసులో నల్లటి నీళ్లొచ్చాయని.

ఆ నల్లనీళ్ల వెనక జీతం లెక్క ఉంది

కొత్త కార్బన్ ఫిల్టరు వేశాక కాసేపు నీళ్లు వదిలి పారబొయ్యాలి. లేకపోతే బొగ్గు పొడి నీళ్లలో దిగుతుంది. తాగినా ప్రమాదమేమీ లేదు గానీ, చిన్నపిల్లలున్న ఇంట్లో గ్లాసు నల్లగా కనబడితే ఇంకేం మిగులుతుంది! ఆ సంగతి కుర్రాళ్లకు తెలుసు. ట్రైనింగ్ లోపం అస్సలు కాదు. విజిట్‌కి ఇంత అని లెక్కకట్టి ఇస్తుంటే, పావుగంట సింకు పక్కన నిలబడి నీళ్లు పారబోసేవాడు రోజు చివర్లో ఒక విజిట్ నష్టపోతాడు. వాడు నిలబడడు, నేనైనా నిలబడను.

కాబట్టి డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గర నాలుగు దారులు పక్కపక్కన పెట్టి చూద్దాం.

విజిట్ లెక్కన ఇవ్వడం. పని వేగం పెరుగుతుంది, నిజమే. ఎండాకాలం కంప్లయింట్లు కుప్పపడ్డప్పుడు ఓనరుకి ముద్దొస్తుంది. నాణ్యత మాత్రం నల్లనీళ్ల దారి పడుతుంది.

స్టార్ల లెక్కన ఇవ్వడం గురించి మొదట్లోనే చెప్పాను. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రం ఉంది, 1975లో ద్రవ్యవిధానం గురించి రాస్తూ అన్న మాట అది. ఏ కొలతనైనా లక్ష్యంగా మార్చిన రోజు నుంచి అది కొలతగా పనికిరాకుండా పోతుందని ఇవాళ దాన్ని అందరూ చెప్పుకుంటారు. నేను పనిచేసిన ఫ్లోర్లో ఒక కాల్ సగటున ఆరు నిమిషాల్లో ముగియాలని టార్గెట్ పెట్టారు. ఐదు నిమిషాల యాభై సెకన్లు దాటగానే పిల్లలు ఏమనేవాళ్లో నాకింకా చెవుల్లో ఉంది: "సిస్టం స్లోగా ఉంది మేడం, 24 గంటల్లో మీకు కాల్ వస్తుంది." టక్. ఆ మేడం మర్నాడు మళ్లీ చేసేది, అది కొత్త కాల్ కింద లెక్క. మా రిపోర్టు అంతా పచ్చగా ఉండేది. కాల్స్ మాత్రం నెలనెలా పెరిగేవి, కొత్త బ్యాచ్‌లను తీసుకునేవారు. ఆ పచ్చరంగుకి మార్కులు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను.

మూడోది అమ్మకం మీద కమిషన్. దీనికి నేను పూర్తిగా వ్యతిరేకం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమరుకి ఎనిమిది ప్రొడక్టులు అంటగట్టాలని కూర్చుంది. కింది ఉద్యోగులు ఆ ఒత్తిడికి ఏం చేశారంటే, జనానికి తెలియకుండా వాళ్ల పేరున లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో బయటపడి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5,300 మంది దాకా ఉద్యోగాలు పోయాయి. మన వీధిలో జరిగేది దీనికి చిన్న అచ్చు. కమిషన్ కోసం తిరిగేవాడు గ్లాసులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు ముంచి "300 ఉందక్కా, ఇది తాగితే రాళ్లే" అని భయపెడతాడు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగేనీటిలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. వేరే నీటి వసతి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఇంకొందరు కడ్డీలు రెండు నీళ్లలో పెట్టి కరెంటిస్తారు, కుళాయి నీళ్లు గోధుమరంగు తిరుగుతాయి. ఆ రంగు ఇనుప కడ్డీలోంచి ఊడిన తుప్పు, నీళ్లలో ఉన్న మురికి కాదు. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పొర బాగానే ఉన్నా పాడైందని చెప్పి మార్పించేది కూడా ఈ కమిషన్ కుర్రాళ్లే. ఆ నెల ఆదాయం పెరుగుతుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పడితే రెండు వందల ఫ్లాట్లు పోతాయి.

నాలుగోది, మావాడికి నేను చెప్పింది. బతకడానికి సరిపడా జీతం స్థిరంగా ఇవ్వు. దాని మీద చిన్న బోనస్, ఒక్కొక్కరికి కాకుండా ఏరియా జట్టుకి. కేఆర్ పురం జట్టులో నలుగురుంటే, ఆ ఏరియాలో మళ్లీ వెళ్లాల్సిన విజిట్లు తగ్గి, ఏఎంసీలు నిలబడితే నలుగురికీ సమానంగా. అప్పుడు ఒకడు చెత్తగా చేసి వదిలేసిన ఇంటికి ఇంకొకడు వెళ్లాల్సి వస్తే వాడే ఊరుకోడు, ఓనరు తిట్టక్కర్లేదు. జట్టు పెద్దదైతే మాత్రం ఇది పనిచెయ్యదు. ముప్పై మందికి కలిపి ఒక బోనస్ అంటే అందరి పనీ ఎవరి పనీ కాదు. ఐదారుగురు దాటనివ్వొద్దు.

మధ్యలో ఒక మాట. 20 మంది, అంతకుమించి పనిచేసే చోట చట్టప్రకారం అర్హులకు ఇవ్వాల్సిన బోనస్ కనీసం 8.33 శాతం. దీపావళికి అదిచ్చి "చూశారా ఇన్సెంటివ్ ఇచ్చాను" అనే ఓనర్లు ఉన్నారు. అది బాకీ తీర్చడం, దాన్ని ప్రోత్సాహకంలో కలపొద్దు.

స్క్రిప్టా, అధికారమా

ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నాం ఇద్దరం. ఎందుకంటే మిగతావన్నీ సరిచేసినా, ఎల్బో కింద గిన్నె అలాగే ఉంటుంది.

ఉద్యోగి తప్పు చెయ్యకుండా ఉండటానికి కంపెనీలు రెండు దారులు పడతాయి. ఒకటి, అన్నీ రాసిచ్చి అంతకుమించి చెయ్యనివ్వకపోవడం. రెండోది, ఒక హద్దు గీసి ఆ లోపల నీ ఇష్టం అనడం. మొదటిదానికి లాభాలున్నాయి. కొత్తవాళ్లు వారంలో పనిలో పడతారు, అందరూ ఒకేలా మాట్లాడతారు, ఎవరు ఏం వాడారో లెక్క తెగుతుంది. మందుల షాపు, రక్తపరీక్షల ల్యాబ్, గ్యాస్ పని లాంటి చోట, అంటే తప్పు జరిగితే ప్రాణం మీదికొచ్చే పనుల్లో నేనూ స్క్రిప్టే కావాలంటాను. ప్యూరిఫయరుకి అంత కట్టుదిట్టం దేనికి?

రెండోదానికి అందరూ చెప్పే ఉదాహరణ రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లు. అక్కడ ఒక అతిథి ఇబ్బంది తీర్చడానికి మేనేజర్ని అడగకుండా ఉద్యోగి 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టొచ్చు. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనబడితే లైను పక్కనున్న మామూలు కార్మికుడు తాడు లాగొచ్చు, అవసరమైతే లైనే ఆగిపోతుంది. ఆ టయోటా ఫ్యాక్టరీ మనకు దగ్గర్లో బిడదిలోనూ ఉంది. కానీ అంత దూరం కూడా అక్కర్లేదు. ఈ ఊళ్లో ఏ ఆంధ్రా మెస్సుకైనా మధ్యాహ్నం వెళ్లండి. పప్పు, కందిపొడి వడ్డించాక నెయ్యి గిన్నె పట్టుకుని ఒకతను తిరుగుతుంటాడు. ఎదుటి మొహం చూసి ఇంకో గరిటె వేస్తాడు. దానికి కౌంటరు దగ్గర కూర్చున్న ఓనరు సంతకం అక్కర్లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అన్నారా! ఆ రెండో గరిటె కోసమే జనం మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని మరీ వస్తారు. నెయ్యి గిన్నెను ఓనరు తన దగ్గర పెట్టుకుని "ఎవరికి కావాలో స్లిప్పు రాసి పంపండి" అంటే ఏమవుతుందో ఆలోచించండి. మనలో చాలామంది కంపెనీలను అలాగే నడుపుతున్నాం.

"దోచేస్తారక్కా," అన్నాడు తమ్ముడు. ఆ భయం తప్పు కాదు, వాడి డబ్బు అది. అందుకని కాగితం మీద వేశాం. ఒక ఇంటికి రెండోసారి మనిషిని పంపితే పెట్రోలు, వర్తూరు రోడ్డులో గంటన్నర, ఆ గంటన్నరలో చెయ్యగలిగిన ఇంకో విజిట్. తక్కువలో తక్కువ 250 రూపాయలని వాడే తేల్చాడు. ఎల్బో, పైపు ముక్క, ట్యాప్ వాషరు, ఇవి ఒక్కోటి యాభైలోపు. కుర్రాడు అనవసరంగా నాలుగు ఎల్బోలు వాడేసినా ఒక్క రెండో విజిట్ తప్పితే డబ్బు తిరిగొచ్చేసినట్టే.

పెట్టిన పద్ధతి ఇది. ఒక్కో ఇంటి దగ్గర 150 రూపాయల సామాను దాకా ఎవరినీ అడగకుండా వేసెయ్యొచ్చు, కస్టమరు దగ్గర తీసుకోకూడదు. వేసినదాన్ని ఒక్క లైనులో రాయాలి: ఏ ఇల్లు, ఏం వేశావ్, ఎందుకు. ఆ పుస్తకం తమ్ముడు వారానికోసారి చూస్తాడు, తిట్టడానికి కాదు. ఒకే మోడల్లో ఒకే చోట కారుతోందని అందులోనే తెలుస్తుంది, అప్పుడు డిస్ట్రిబ్యూటరుతో గొడవ పెట్టుకోవచ్చు.

మొదటి రెండు వారాలు ఒక్కరూ వాడలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, బ్యాగు నిండా సామానుంది, చెయ్యి వెళ్లదు. ఇన్నాళ్లూ జీతంలో కోతలు చూసినవాళ్లు ఒక్క మాటకు ఎలా నమ్ముతారు? మూడో వారం ఒకడు ధైర్యం చేసి 90 రూపాయల సామాను వేశాడు, జీతం రోజున కోత పడలేదు. ఆ తర్వాత నోటీసు అంటించక్కర్లేకపోయింది. ఒక కుర్రాడు మాత్రం వాళ్ల మేనమామ ఇంట్లో కొత్త ట్యాపులు రెండు ఫ్రీగా బిగించేశాడు. పుస్తకంలో నిజాయితీగా రాశాడు కూడా, "మామ ఇల్లు" అని. తమ్ముడు పిలిచి నవ్వి వదిలేశాడు. నేనైతే ఏమనేదాన్నో తెలీదు.

1994లో హెస్కెట్, మరికొందరు హార్వర్డ్ ప్రొఫెసర్లు సర్వీసు వ్యాపారంలో లాభం ఎక్కడ పుడుతుందో ఒక గొలుసుగా గీశారు. కంపెనీ లోపల ఉద్యోగికి అందే సదుపాయం, దాంతో అతని తృప్తి, దాంతో అతను మానెయ్యకుండా ఉండటం, అక్కణ్నుంచి కస్టమరు తృప్తి, చివర్న లాభం. చాలామంది ఓనర్లు ఈ గొలుసులో రెండో లింకు పట్టుకుని పుట్టినరోజు కేకులు కోయిస్తారు. మొదటి లింకు అంటే పనిముట్టు, సామాను, నిర్ణయం తీసుకునే వీలు. మెట్లెక్కి వచ్చినవాడి బ్యాగులో సరైన స్పానరు ఉందా అన్నది కేకు కంటే ముందు చూడాల్సింది.

పనితీరుకి మార్కులు వెయ్యడం

బెల్ కర్వ్ అంటే ఇంతమంది పైన, ఇంతమంది కింద ఉండాలని ముందే కోటా పెట్టి ఉద్యోగులకు ర్యాంకులివ్వడం. ఐటీలో ఉన్న చదువరులకు దాని గురించి చెప్పక్కర్లేదు, మార్చి వస్తే మా అపార్ట్‌మెంటులో సగంమందికి బీపీ. జాక్ వెల్చ్ అధిపతిగా ఉన్న కాలంలో అమెరికాలోని జీఈ కంపెనీ ఉద్యోగుల్ని పైన 20, మధ్యన 70, కింద 10 శాతంగా విడగొట్టేది. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మైక్రోసాఫ్ట్ 2013లో దాన్ని వదిలేసింది. అంతకు ముందు ఏడాదే అడోబీ ఏటా జరిగే అప్రయిజల్ని ఎత్తేసి, ఏడాది పొడుగునా మాట్లాడుకునే పద్ధతి పెట్టింది.

14 మందికి బెల్ కర్వ్ గీస్తే ఏమవుతుందంటే, అందరూ బాగా చేసినా ఎవడో ఒకడు చివరివాడు కావాలి. వాడు పక్కవాడికి కిటుకు చెప్పడు. మావాడి దగ్గర పాత కుర్రాడొకడున్నాడు, మోటారు చప్పుడు వినే ఏం పోయిందో చెప్పేస్తాడు. వాడి విద్య మిగతా పదమూడు మందికి రావాలా, వాడి దగ్గరే దాక్కోవాలా?

దీనికి బదులు నెలకోసారి ఒక్కొక్కరితో పావుగంట. అడగాల్సింది మూడే: ఏ ఇంటికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, ఎందుకు, నేనేం తెచ్చిపెడితే అది జరిగేది కాదు? వందల మంది ఉన్న చోట ఇది మేనేజర్ల పని, రాతకోతలు కావాలి. అక్కడ కావాలంటే ఓకేఆర్ (లక్ష్యం, దాన్ని కొలిచే ఫలితాలు రాసుకునే పద్ధతి) లాంటివి చూడొచ్చు. ఆండీ గ్రోవ్ ఇంటెల్‌లో నడిపిన పద్ధతి అది, 1999లో ఇన్వెస్టరు జాన్ డోర్ గూగుల్‌కి పట్టుకెళ్లాడు. మెకానిక్ షెడ్డుకి ఓకేఆర్ రాసుకోవడం మాత్రం చీమకు ఏనుగు అంబారీ కట్టడమే.

యాప్, ట్రైనింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజుకు యాభై కంప్లయింట్ల లోపైతే వాట్సాప్, ఒక షీటు చాలు. యాప్ కొంటే పాత గందరగోళమే కొత్త స్క్రీన్ మీద కనబడుతుంది. ముందు పుస్తకం సరిచేసి, అది చాలక ఇరుకైన రోజున కొనండి. ట్రైనింగులో ఇంగ్లీషు నవ్వులు, టై కట్టుకోవడాలు వద్దు. ఈ ఊళ్లో తలుపు తెరిచేవాళ్లు కన్నడం, హిందీ, తమిళం, మలయాళం, మనది, ఏదైనా మాట్లాడొచ్చు. మదనపల్లె, కోలారు కుర్రాళ్లకు కన్నడం సగం వచ్చే ఉంటుంది, హిందీ దగ్గరే తడబడతారు. పనికొచ్చే ఇరవై వాక్యాలు రెండు భాషల్లో నేర్పిస్తే వారం రోజుల సాఫ్ట్ స్కిల్స్ కంటే మేలు. "నీళ్లు కాసేపు వదలాలి, మొదటి గ్లాసు తాగొద్దు" అన్నది వాటిలో మొదటి వాక్యం.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

పదిహేను మందిలోపు ఉన్నవాళ్లు సర్వే ఏదీ కొనొద్దు. మళ్లీ వెళ్లిన విజిట్ల లెక్క, ఓనరు చేసే ఐదు ఫోన్లు, స్థిర జీతం, చిన్న జట్టు బోనస్, అడగకుండా సామాను వెయ్యడానికి కుర్రాడి చేతికి ఒక హద్దు. ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టలేకపోతే హద్దుతో మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ, ఫలితం కళ్ల ముందు కనబడుతుంది.

యాభై నుంచి రెండు వందల మంది ఉంటే ఓనరుకి ప్రతి ఇల్లూ తెలియదు కాబట్టి సీశాట్ పెట్టండి, కానీ గంట ఆగి, జీతంతో కలపకుండా. తక్కువ మార్కు వచ్చిన ఇంటికి ఆ రోజే సూపర్‌వైజరు ఫోను చెయ్యాలి, అది లేకపోతే మార్కు అడగడం దండగ. కాల్ సెంటరైతే కాల్ నిడివిని టార్గెట్లలోంచి తీసేసి, మొదటి కాల్‌లోనే పని అయిందా అన్నది చూడండి, సీఈఎస్ అడగండి. నిడివి లెక్క షిఫ్టులు వేసుకోవడానికి మీ దగ్గర ఉంచుకోండి, పిల్లల స్క్రీన్ మీద పెట్టొద్దు. ఎన్‌పీఎస్ వేల కస్టమర్లున్నవాళ్లకు, అదీ మూడు నెలలకోసారి.

రిసెప్షన్లో "కస్టమరే దేవుడు" బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడ్డు లేదు.

మా ఇంట్లో ఎల్బో సంగతి చెప్పలేదు కదూ. రెండో కంప్లయింట్ పెట్టాను, రెండుసార్లు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది, మనిషి రాలేదు. చివరికి తమ్ముడికే ఫోన్ చేస్తే వాళ్ల కుర్రాణ్ని పంపాడు. నేను ఓనరు అక్కనని వాడికి చెప్పలేదట. గిన్నె పక్కకు జరిపి, పాతది ఊడబీకి, కొత్తది నొక్కి, టిష్యూ పేపరు చుట్టి రెండు నిమిషాలు చూశాడు, తడి తగల్లేదు. ఎంతివ్వమంటావంటే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇది మా చేతిలోదేనక్కా," అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఫ్లాట్ నంబరు రాసుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, "కొద్దిగా నీళ్లుంటే ఇవ్వరా?" అన్నాడు.